గుమ్మడికాయ ట్రాఫిక్

రాడార్ లెక్కపెట్టిన బండ్లను బట్టి రోడ్లు వాటంతటవే వెడల్పయ్యే రోజులవి. పైడమ్మ ఇడ్లీబడ్డీ ఎదుట స్తంభానికి కొత్త రాడార్ బిగించి, దిష్టి తగలకుండా దాని ముందొక బూడిద గుమ్మడికాయ వేలాడదీశాడు ఆమె మేనల్లుడు, ఫిట్టర్ అప్పలస్వామి.

సాయంత్రానికి రోడ్డు పెరిగి పెరిగి ఇడ్లీ పొయ్యి దాకా వచ్చేసింది.

“ఏట్రా ఇది? పొద్దున్నుంచి నాలుగు సైకిళ్లే కదరా ఎళ్లినాయి!” అని నెత్తి బాదుకుంది పైడమ్మ.

అప్పలస్వామి తలెత్తి చూశాడు. కాయ గాలికి ఊగుతోంది. ఊగిన ప్రతిసారీ ఒక లారీ కింద లెక్క పడుతోంది.

“కోసి పారీరా దాన్ని!”

“కట్టిన కాయ అమావాస్య దాకా ఇప్పకూడదత్తా!” అంటూ అతను స్తంభమెక్కి, కాయ ఊగకుండా రెండు చేతులా ఒడిసి పట్టుకున్నాడు.

రాడార్ గొంతు సవరించుకుంది.

“లారీలన్నీ ఆగిపోయాయి. భారీ ట్రాఫిక్ జామ్. రోడ్డు ఇంకా పెంచుతున్నాం.”