ఫ్యామిలీ రూమ్

కార్ఖానా బస్తీలో ఒకరింట్లో పాత క్లాస్‌మేట్లందరూ నలభై ఏళ్ళకు కలిశారు. మాటలు తిరిగి తిరిగి తిండి మీదికే వచ్చాయి. ఏ హోటల్ బిర్యానీ గొప్పదో ఒకటే గొడవ.

ఆర్థర్ ఆ గొడవలోంచి లేచొచ్చి సుమిత్ర పక్కన కూర్చున్నాడు.

"స్టేషన్ కాడ మన ఇరానీ హోటల్ లేదిప్పుడు. మొబైల్ షాపైంది, చూసినవా?"

"చూసిన. నేను ఆఖరిసారి పోయింది పరీక్షలైన శుక్రవారం."

ఆర్థర్ చేతిలో కప్పు ఆగిపోయింది. "ఆ రోజు రమ్మన్నది నేనే గద. నువ్వు రాలే."

"నేనొచ్చిన. నువ్వే రాలే. తెల్లారి మా నాయన చూసిన సంబంధానికి సరే అన్న."

"ఐదింటికెల్లి ఎనిమిది దాక తలుపు దిక్కే చూసుకుంట కూసున్న, సుమిత్రా!"

"ఏ తలుపు?"

"ముందటిది. రోడ్డు మీదిది."

సుమిత్ర తల అడ్డంగా ఊపింది.

"ఆడపిల్ల ఒక్కతే ముందట హాల్ల ఎట్ల కూసుంటది? గల్లీ దిక్కు తలుపుకెల్లి ఫ్యామిలీ రూమ్‌లకు పోయిన."

ఒంటరి మగవాణ్ణి ఆ రూమ్‌లోకి రానిచ్చేవాళ్ళు కాదు. మధ్యలో ఉన్నది ఒక్క చెక్క అడ్డమే.

ఆర్థర్‌కు ఆనాటి వెయిటర్ కేక చెవిలో మోగింది: "ఫ్యామిలీ మే ఏక్ చాయ్!"

"మాటిమాటికి లోపలికి ఒక్క చాయే పోతుండె. పాపం, ఎవరో నా లెక్కనే ఎదురుచూస్తున్నరు అనుకున్న," అన్నాడు. "మూడు చాయ్‌లు పోయినయ్."

"నాలుగు," అంది సుమిత్ర.