పాముచెవుల బాబాయ్

వినపడకపోతే పోయింది, వేళ్ళున్నాయి, ఎదుటివాళ్ళ మొహాలున్నాయి. ఈ రెంటితో ఇంకో మూడేళ్ళు ఎలాగోలా నెట్టుకొస్తే రిటైరైపోవచ్చు, అనుకుంటూ మెకానిక్, పెద్ద ఫ్యానుతో గాలి తోలి వస్తువుల మోత పరీక్షించే గాలిసొరంగం అద్దానికి అరచెయ్యి ఆనించాడు.

లోపల మణికట్టంత లావు ఉక్కు గొట్టం నిలబడి ఉంది. ఉత్త గొట్టమైతే గాలి తగలగానే హూమని మూలిగేది, ఆ మూలుగు అద్దంలోంచి చేతికి తెలిసేది. కొన్ని నెలలుగా తొడుగులు మార్చి మార్చి చూస్తున్నారు. ఇవాళ దానికి ఒళ్ళంతా సన్న చిల్లులున్న స్పాంజి తొడుగు వేశారు. చేతికి చిన్న వణుకైనా తగల్లేదు.

"ఎలా ఉంది బాబాయ్?" పెన్సిలు పట్టుకుని అడిగింది ఇంజనీరమ్మాయి. పెదాల కదలికను బట్టి పోల్చుకున్నాడు. ప్రతిసారీ అదే ప్రశ్న.

"చీమ నడిచినా వినపడేలా ఉందమ్మా."

"ఇంకోసారి వినండి. సన్నగా కూడా ఏమీ లేదా?"

"పామన్నా పొరబడుతుందేమో గానీ నా చెవులు పొరబడతాయా?"

ఆమె నవ్వలేదు. కణత నొక్కుకుంటూ కాగితం మీద 'నిశ్శబ్దం' అని రాసింది.

అక్కడ పద్ధతి అది: ముందు చెవి మాట, తర్వాతే మైకు అంకెలు. మోత ఎంతో యంత్రం చెబుతుంది, మనిషిని విసిగించేదేదో మనిషే చెప్పాలంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ చెవి అతనిదే. బేరింగు అరగబోతోందని వారం ముందే పసిగట్టేవాడు గనక పాముచెవుల బాబాయ్ అని పేరు. ఆరు నెలల కిందట సన్నటి శబ్దాలు ఒక్కొక్కటే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాయి. అతనూ ఎవరికీ చెప్పలేదు. చెవులు లేనివాణ్ణి ఫ్యాను దగ్గర నిలబడనివ్వరు. స్టోరుగదిలో బోల్టులు ఏరుకోమంటారు. నయమేమిటంటే, గాలి వేసినప్పుడు ఆ గదిలో ఉండేది వాళ్ళిద్దరే.

"బాబాయ్, ఇటు రండి."

కంప్యూటరు తెర మీద గీత. మూలుగు ఉండాల్సిన చోట చదునుగా పడుకుంది. సన్నటి శబ్దాలుండే కుడి చివర మాత్రం ఎద్దు మూపురంలా లేచింది. పాత మైకుకు అంత సన్నటి శబ్దం అందేది కాదు. ఇది నిన్న వచ్చిన కొత్తది.

"కొత్త మైకు తప్పు చూపిస్తోందంటారా?"

ఆమె మొహం పాలిపోయి ఉంది. అవుననమని బతిమాలుతోంది అనుకున్నాడు. ఈ పరీక్షలు గట్టెక్కితే చాలు, ఉద్యోగం మానేస్తానంటోంది వారం నుంచీ. సాయంత్రానికి ఆస్పత్రివాళ్ళకు మాట చెప్పాలి. వాళ్ళ మేడమీది కమ్మీలు గాలికి మూలుగుతుంటే పై అంతస్తు రోగులకు కంటిమీద కునుకు లేదు. ఈ తొడుగే వేస్తే మూలుగు పోతుంది, దాని చోటికి ఇంకేదో వస్తుంది. అదెలా ఉంటుందో కూడా అతనికి తెలియదు. పక్క మీంచి లేవలేనివాళ్ళు మాత్రం రాత్రింబవళ్ళు దాన్నే వింటూ పడుకోవాలి.

మైకుదే తప్పు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మైకుకు పెళ్ళాంపిల్లలు లేరు, చెడిపోయిందంటే ఏడ్చేవాళ్ళూ లేరు.

చెయ్యి చాపి ఆమె వేళ్ళ మధ్యనుంచి పెన్సిలు తీసుకున్నాడు. 'నిశ్శబ్దం' మీద అడ్డంగా గీత గీశాడు.

"మైకు బాగానే ఉందమ్మా. పోయింది నా చెవులే. ఆరు నెలలైంది. నువ్వు పెట్టిన తొడుగుల్లో ఒక్కదాన్ని కూడా నేను నిజంగా వినలేదు."

తిడుతుందనుకున్నాడు. కనీసం కుర్చీ వెనక్కి తోసి లేస్తుందనుకున్నాడు. ఆరు నెలల్లో మొదటిసారి ఆ మొహం చదవడం అతని చేత కాలేదు.

సొరంగంలో గాలి ఇంకా వీస్తూనే ఉంది. ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది. తెరిచింది. మళ్ళీ మూసుకుంది. మళ్ళీ తెరిచింది. కళ్ళనిండా నీళ్ళు.

"అయితే ఆ బుస... ఆరు నెలలుగా నేను మందులు మింగుతున్న ఆ బుస... నా తలలోది కాదా, బాబాయ్?"