సంపెంగిపేట స్టేషన్

“తుప్పు చాల్లేదు మామయ్యా,” అంది భానుప్రియ, అట్టతో చేసిన బుల్లి స్టేషన్ కప్పు మీదికి వంగి చూస్తూ. “మా తాతగారి స్టేషన్ రేకులు ఇంత కొత్తగా ఉండేవి కావు.”

త్రినాథరావు కోడలి వైపు గుర్రుగా చూశాడు. “పొద్దుట్నుంచీ ఇదే పని గదమ్మా. ఇంకెంత తుప్పు పట్టించాలేటి?”

“వానొస్తే స్టేషన్ మాస్టరు లోపల కూడా గొడుగేసుకు కూర్చునేంత.”

ఆయన నవ్వాపుకుని, ఇటుకపొడి కలిపిన టీ డికాక్షన్‌లో కుంచె ముంచాడు. కుడిచేత్తోనే. కుంచె జారి పడింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ జారింది. చివరికి వేళ్ళ మధ్య నిలిచింది. భానుప్రియ చూడనట్టు కిటికీ వైపు తిరిగింది.

త్రినాథరావు బిలాస్‌పూర్‌లో గార్డుగా రిటైరైన మనిషి. కిందటి చలికాలం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వేళ్ళు ఆడించకపోతే ఆ చెయ్యి ఇక రాదన్నాడు డాక్టరు. పిసకమని రబ్బరు బంతి ఇచ్చాడు. అసలే రోషం మనిషి, “నేనేమైనా పసిపిల్లాణ్ణా?” అంటూ ఆ బంతిని పెరట్లోకి విసిరికొట్టాడు. ఎడంచేత్తో అన్నం తినడం నామోషీ అనిపించి నలుగురితో కూర్చుని తినడమూ మానేశాడు. భార్య ఏనాడో పోయింది. కొడుకు ప్రవీణ్‌కి సీపత్ కరెంటు ప్లాంటులో షిఫ్టులు. గోడ వైపు తిరిగి పడుకున్న ఆ మనిషిని పలకరించే దిక్కు కోడలొక్కతే.

అలాంటి రోజుల్లోనే ఆమె ఓ సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చి మంచం పక్కన చతికిలబడింది.

“మామయ్యా, నాకో సాయం చెయ్యాలి. టెక్కలి దాటాక, సన్న పట్టాల మీద గుణుపూర్ వెళ్ళే చిన్నబండి లైన్లో మా తాతగారు స్టేషన్ మాస్టరు. పెద్ద పట్టాలు వేసేటప్పుడు ఆ స్టేషన్ ఎత్తేశారు. ఒక్క ఫొటో కూడా లేదు. కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది గానీ, చేసి చూపించడం నాకు చేతకాదు. రైలు తెలిసినవాళ్ళు చెయ్యాలి.”

ఆయన దుప్పటి మీదికి లాక్కున్నాడు.

“మీరా లైను చూశారా ఎప్పుడైనా?”

“బిలాస్‌పూర్ గార్డుకి ఆ చిన్నబండితో ఏటి పనమ్మా?” అన్నాడు గోడకేసే చూస్తూ. కాసేపటికి అటే తిరిగి ఉండి అడిగాడు, “గోడలు ఏ రంగు?”

పాపం, పుట్టింటి మీద బెంగ పెట్టుకుంది పిల్ల, తీర్చకపోతే ఎలా? అట్టపెట్టెలు, ఐస్‌క్రీం పుల్లలు, అర్పా నది ఇసుక, బొగ్గుపొడి, ఇంట్లో పారెయ్యాల్సినవన్నీ ముందుగదిలోకి చేరాయి. పౌడరు డబ్బా ఇంజనైంది. చింతగింజలు మేకలయ్యాయి. రోజూ టీ తాగాక భానుప్రియ కళ్ళు మూసుకుని చెప్పేది.

“బండి వచ్చే వేళకి మేకలన్నీ పట్టాల మీద పడుకునేవి మామయ్యా. డ్రైవరు కూత వేసేవాడు కాడు. దిగొచ్చి ఒక్కొక్కదాన్నీ లేపేవాడు. సంపెంగి చెట్టు కింద బల్ల. బండి కదిలితే గార్డు పెట్టె మీద పూలు రాలేవి. ఆ పూలతోనే గుణుపూర్ చేరేదట బండి.”

ఆయన కత్తెర ఆపి వినేవాడు. బయట మెయిల్ బండి కిటికీలు అదరగొడుతూ పోయేది. వాళ్ళకి మాత్రం ఎక్కడో పొలాల మధ్య నుంచి చిన్నబండి కునికిపాట్లు పడుతూ వస్తున్నట్టుండేది, గదంతా తడిబొగ్గు వాసనా సంపెంగి వాసనా కలిసి వేస్తున్నట్టుండేది. ఆ కాసేపూ ఆయనకి చెయ్యి సంగతే గుర్తుండేది కాదు.

“ప్లాట్‌ఫారం ఎత్తెంత?” అని అడిగాడోసారి.

“బండి గుమ్మం దాకా. ఒక్క గెంతు గెంతితే పెట్టెలో ఉండేదాన్ని.”

ఆయన ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు. “అచ్ఛా,” అని అట్ట కొయ్యడం మొదలెట్టాడు.

వానలు పడేనాటికి వేళ్ళు మాట వినడం మొదలెట్టాయి. ఓ ఆదివారం పిలవకుండానే వచ్చి కొడుకు పక్కన పీట వేసుకుని, కుడిచేత్తో ముద్ద కలుపుకున్నాడు. ప్రవీణ్ తన ముద్ద కంచంలోనే వదిలేసి తండ్రి చేతికేసే చూశాడు. భానుప్రియ పప్పు తెస్తానని వంటింట్లోకి పరుగెత్తి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, పప్పు మరిచి తిరిగొచ్చింది.

ఇక మిగిలింది బోర్డు. పసుపు రంగు వేసి ఆరబెట్టి, కోడల్ని పిలిచాడు.

“పేరు చెప్పమ్మా, రాసేస్తాను. ఇన్నాళ్ళూ పేరే చెప్పలేదు నువ్వు.”

భానుప్రియ తడబడింది. బొమ్మ స్టేషన్ పక్కనున్న సంపెంగి చెట్టు వైపు చూసింది. “సంపెంగిపేట,” అంది.

నల్లరంగుతో ఒక్కో అక్షరం రాశాడు. వంకరే, కానీ చదవొచ్చు. ఆమె ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆయన ఊరికే దగ్గాడు.

మర్నాడు పాత స్నేహితుడు నూకరాజు చూడ్డానికొచ్చాడు. భానుప్రియ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నూకరాజు కళ్ళజోడు సవరించుకుని స్టేషన్ చుట్టూ తిరిగాడు.

“బాగుందిరా! కానీ చిన్నబండి టేసన్‌కి ఇంతెత్తు ప్లాట్‌ఫారమేటి? మా అత్తోరూరు ఆ బండిలోనే ఎళ్ళేవోణ్ణి. నేల మీంచే కదేటి ఎక్కేది?”

“మెల్లగా మాటాడు.”

“అయినా పెళ్ళికి ముందు నువ్వు గార్డుగా తిరిగిందే ఆ లైన్లో గదరా! ఒక్కో టేసనూ నీకు కంఠతా. మీ కోడలికి ఆ మాట చెప్పలేదేటి?”

త్రినాథరావు వంటింటి వైపు చూశాడు. లోపల కప్పులు చప్పుడవుతున్నాయి. పట్టాల మీద పక్కకి ఒరిగిన చింతగింజ మేకని కుడిచేత్తో మెల్లగా లేపి నిలబెట్టాడు.

“ఎలా చెప్పనురా?” అన్నాడు గొంతు తగ్గించి. “ఆ లైన్లో సంపెంగిపేటన్న టేసనే లేదు.”