పిల్లి జీతం

పన్ను రిటర్ను నింపడానికి కూర్చునేటప్పటికి గొడుగుల వ్యాపారి చేతిలో సంచెడు రసీదులు, ఒళ్ళో పిల్లి ఉన్నాయి. ఆడిటరుకిచ్చే డబ్బు దండగని స్వయంగా తనే నింపుతున్నాడు.

“కాపలా ఖర్చు, పిల్లికి పాలు,” అని పైకి చదువుతూ టైపు చేశాడు. “ఎలుకలు గొడుగు గుడ్డ కొరక్కుండా కాస్తోంది కదా!”

గొడుగులు కుడుతున్న భార్య మిషను ఆపింది. “మరి నా జీతం?”

“నువ్వు ఇంటి మనిషివే!”

“పిల్లి పక్కింటిదా?”

ఆయన కంప్యూటరు తెర చూపించాడు. “వ్యాపారంలో నేనొక్కణ్ణే అని పైన రాసేశానే!”

“అయితే ఆ ఒక్కణ్ణే వచ్చి కుట్టుకోమనండి.” ఆమె లేచి కత్తెర తెచ్చి ఆయన ముందు పెట్టింది.

బయట వాన మొదలైంది. బాగుచెయ్యమని గొడుగులిచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. ఆయన సూదిలో దారం ఎక్కించబోయి, వేలు పొడుచుకుని, మళ్ళీ కంప్యూటరు ముందుకొచ్చాడు.

“ఎంత రాయను?”

“పిల్లికంటే తక్కువైతే ఒప్పుకోను.”

ఏడాది జీతం వేసేసరికి లాభం సున్నా, పన్ను సున్నా. “పైసా కట్టక్కర్లేదోయ్!” అని ఎగిరి గంతేశాడు.

“సంతోషం. రాసింది ఇవ్వండి,” అని ఆమె చెయ్యి చాపింది.

గల్లాపెట్టె ఖాళీ అయింది, మిషను తిరిగింది. ఆ సాయంత్రం టీ డబ్బులకు యజమాని తన పనివాళ్ళిద్దరిలో ఒకరిని అప్పు అడగాల్సి వచ్చింది. పిల్లి దగ్గర డబ్బుల్లేవు.