గరాజ్‌లో పొయ్యి

కొత్తగా బిగించిన హీటర్ ఆన్ చేసి నిచ్చెన దిగిన ఎలక్ట్రీషియన్ తేజశ్రీ, గరాజ్ మూలనున్న స్టవ్ చూసింది. "ఇక్కడ వంటేంటి అంకుల్?"

"ఇంట్లో పోపు పెడితే నా ఆఫీసు కోటు వాసన కొట్టేదమ్మా. అందుకే మీ ఆంటీని ఇక్కడ వండమన్నాను," అన్నాడు ఆంజనేయప్రసాద్.

"ఓక్‌విల్‌లో, కెనడా జనవరి చలికి కూడానా?"

"హీటర్ పెట్టించమని ఒకసారి అడిగింది. గంట పనికి హీటరెందుకన్నాను. ఆవిడ పోయాక, మొన్న చారు పెట్టుకుందామని నేనే వచ్చాను. పోపు వేగేలోపే వేళ్లు కొంకర్లు పోయాయి."

"మీరు రిటైరై ఎన్నాళ్లయింది అంకుల్?"

"ఆరేళ్లు."

"మరి ఆ తర్వాత కూడా ఆంటీ ఇక్కడే ఎందుకు వండారు?"

ఆ ఆఫీసు కోటును ఆయన ఎప్పుడో ఎవరికో ఇచ్చేశాడు. ఇక లోపలే వండుకోమని చెప్పాలని మాత్రం ఒక్కనాడూ తట్టలేదు. ఆవిడా అడగలేదు.

గరాజ్ మెల్లగా వెచ్చబడింది.

"ఇక మీ కోటు తీసేయొచ్చంకుల్," అంది తేజశ్రీ.

ఆయన తొడుక్కున్నది, భార్య ఇక్కడ వండేటప్పుడు వేసుకున్న చలికోటు. ముంజేతుల మీద పోపు చిందిన మరకలు. భుజాల దగ్గర బిగుతు.

ఆయన జిప్పును మెడదాకా లాక్కున్నాడు.