గాస్కిన్‌ల వరుస

"మీ ఆయన బయటినుంచి వచ్చినవాడు. సమాధుల తోట నిండిపోయింది. పట్నం తీసుకుపోయి పూడ్చుకో," అన్నాడు ఎల్మ్‌కూంబ్ చర్చి పెద్ద ఈనాక్ గాస్కిన్, ఆదివారం ప్రార్థన ముగిశాక తలుపు మూస్తూ.

ఐరిస్ భర్త పోయి మూడు రోజులైంది. ఆమె మెట్ల మీంచి కదల్లేదు.

"మీ గాస్కిన్‌ల వరుసలో ఒక చోటు ఖాళీగా ఉంది కదండీ."

"అది మా వంశానిది. ముప్పై ఏళ్ళు కాపురమున్నంత మాత్రాన మీరు ఈ ఊరివాళ్ళయిపోతారా?"

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసి అతని ముఖం ముందు పెట్టింది. చర్చిలోని పాత బాప్తిస్మ పుస్తకాలను నిరుడు ప్రభుత్వ పాత పత్రాల భాండాగారానికి తరలించారు. భర్త పోయిన మర్నాడు ఆమె అక్కడ తీయించిన నకలు అది. అందులో ఆమె భర్త నాయనమ్మ పేరుంది, పక్కనే ఆవిడ తండ్రి పేరుంది. ఆ తండ్రే ఈనాక్‌కు ముత్తాత.

"ఈ పుస్తకం ఒక్కసారి చూపించమని ఆయన ఎన్నిసార్లు మీ గడప తొక్కాడు! ఒకసారి కనబడలేదన్నారు. ఇంకోసారి ఎలుకలు కొరికాయన్నారు. తను మీ రక్తమేనని తెలియకుండానే పోయాడు."

"నాకు తెలుసు," అన్నాడు ఈనాక్. "నా పన్నెండో ఏట మా నాన్న ఆ పేజీ చూపించాడు."

ఐరిస్ కాగితం కిందికి దించింది.

"ఉన్నది ఒక్క చోటు. నాకోసం అట్టిపెట్టుకున్నాను. అది అతనికిచ్చేసి, చచ్చాక నేను పరాయివాళ్ళ మధ్య పడుండాలా?"

"మమ్మల్ని నువ్వు ఇక్కడ బతకనిచ్చింది అలాగే కదా," అంది ఐరిస్.