లక్కమ్మ బిందె

అనంతగిరి వాలున గవరయ్య ఇరవయ్యేళ్ళుగా కూలి అడక్కుండా కాపాడుతున్న సైకిల్ బాట, ఇంకొక్క వానకి కోసుకుపోతే అటవీశాఖ రోబోలు దాన్ని పూడ్చి మూసేస్తాయి. వాన నీళ్ళు పక్కకి మళ్ళించాలని శాటిలైట్ బొమ్మలు చూసి రోబో తవ్విన కాలువ అప్పటికే రెండుసార్లు పూడుకుపోయింది.

గవరయ్యకి తోడుగా పనిలోకి వచ్చిన లక్కమ్మ బాట మీద బిందెడు నీళ్ళు పోసి, అవి పారినవైపు గీత గీసింది.

“శాటిలైటుకి తెలీనిది నీ బిందెకేటి తెలుస్తాదప్పా?”

“శాటిలైటు ఈ మట్టి ఎప్పుడైనా తొక్కిందేటి? తవ్వు.”

గవరయ్య గొణుక్కుంటూనే ఆ గీత వెంట కాలువ తవ్వాడు. మధ్యాహ్నం వాన కుమ్మేసింది. నీళ్ళన్నీ ఆ కాలువలోంచే బుద్ధిగా లోయలోకి దిగాయి. బాట చెక్కుచెదరలేదు.

వాన వెలిశాక, అంతా చూస్తూ నిలబడ్డ రోబో బాట పై మలుపు దగ్గరికి పోయింది. తవ్వలేదు. వాగులో బిందె ముంచి తెచ్చి, పోసి, నిలబడి చూస్తోంది.

“నీ బిందె పట్టుకుపోనాదప్పా.”

“పోనీ. ఇన్నాళ్ళకి పని నేర్సుకుంటంది.”